ఇంటి రికార్డింగులకు మాస్టరింగ్: ఓజోన్ కొనాలా, రీపర్ చాలా?

కార్తీకం వస్తే అయ్యప్ప పాటలు, డిసెంబరుకు క్రిస్మస్ పాటలు, మధ్యలో ఊరి జాతర పాటలు. భీమవరం నుంచి అమలాపురం దాకా ఇవన్నీ ఇప్పుడు ఇంట్లో ఓ గదిలోనే తయారవుతున్నాయి. చిక్కంతా ఆఖర్న, అంటే ట్రాకులన్నీ కలిపి మిక్స్ చేసిన పాటను విడుదలకు తగ్గట్టు సర్దే మాస్టరింగ్ దగ్గర వస్తోంది. యూట్యూబ్‌లో పెడితే పక్క పాట కంటే చిన్నగా వినిపిస్తుంది, గుడి మైకు సెట్టులో వేస్తే హార్మోనియం మాయమవుతుంది. అప్పుడు అందరూ అడిగేది ఐజోటోప్ వాళ్ల మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్ ఓజోన్ గురించే. మా తీర్పు ముందే చెప్పేస్తాం. నెలకు ఒకటి రెండు పాటలు చేసేవారికి రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, దాంతోపాటు అందులో తగిలించుకునే రెండు మూడు ఉచిత ప్లగిన్లు చాలు. ఎనిమిది పది పాటల ఆల్బమ్ మొత్తం ఒకే తీరున ఇవ్వాల్సినవారికి ఓజోన్ స్టాండర్డ్ పెట్టిన డబ్బుకు తగినదే. ఓజోన్‌లోనే చిన్న రకమైన ఎలిమెంట్స్ చౌకే కానీ, అందులో మన చేతికి దొరికే నియంత్రణలు బాగా తక్కువ. దానికి డబ్బు పెట్టొద్దు.

మేం చూసింది 2023లో వచ్చిన ఓజోన్ 11. అందులో అందరినీ ఆకట్టుకునేది మాస్టర్ అసిస్టెంట్. పాట ప్లే చేస్తే కాసేపు విని ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలన్నది), స్టీరియో వెడల్పు, పాటను పెద్దగా వినిపించే మాక్సిమైజర్ తనే సర్ది పెడుతుంది. అయితే దాని దగ్గరున్న టార్గెట్లు, అంటే పోల్చుకునే నమూనాలు, పాప్, రాక్, హిప్‌హాప్ తరహావి. హార్మోనియం, డోలక్, తాళాలతో నడిచే భజన పాటకు వాటిలో ఏదీ అతకదు. మధ్య ఫ్రీక్వెన్సీలను హార్మోనియం నిండుగా పట్టేస్తుంది. ఆ నిండుదనమే తప్పనుకుని అసిస్టెంట్ అక్కడ కోసి, పైనా కిందా పెంచే అవకాశం ఎక్కువ. అప్పుడు గొంతు పలచబడుతుంది, తాళాలు చెవిలో గుచ్చుకుంటాయి. దీనికి విరుగుడు అందులోనే ఉంది. మీకు నచ్చిన అదే తరహా పాటను రిఫరెన్సుగా లోడ్ చేసి టార్గెట్ చేసుకోవచ్చు. అసిస్టెంట్‌కు పాటలో అన్నిటికంటే గట్టిగా ఉన్న భాగమే వినిపించాలి. అంటే కోరస్ అందుకున్న పల్లవి, ఆలాపన కాదు. ఆ పైన అది చేసిన ఈక్యూ మార్పును సగానికి తగ్గించి చూడండి. చాలా పాటలకు అక్కడే కుదురుతుంది.

ఓజోన్‌లో మాకు నిజంగా విలువైనదిగా తోచింది గెయిన్ మ్యాచ్ బటన్. కాస్త పెద్దగా వినిపిస్తే చాలు, ఏ పాటైనా బాగైనట్టే అనిపిస్తుంది. ఈ బటన్ నొక్కితే మాస్టరింగ్‌కు ముందు, తర్వాత రెండూ ఒకే శబ్దస్థాయిలో వినిపిస్తాయి. అప్పుడే బాగుపడిందో పాడైందో తెలుస్తుంది. రీపర్‌లో ఈ పని చేత్తో చేసుకోవాలి: లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపుతూ పాటను పెద్దది చేసే ప్లగిన్) ఎన్ని డీబీలు పెంచిందో, వినేటప్పుడు అన్ని డీబీలు తగ్గించి పోల్చాలి. ఇంకో మాట. ఓజోన్ ప్రాసెసర్‌ను బాగా తింటుంది, ఆలస్యమూ ఎక్కువ. గొంతు రికార్డు చేసేటప్పుడు దాన్ని మాస్టర్ ట్రాక్ మీద ఉంచితే, గాయకుడికి హెడ్‌ఫోన్లో తన గొంతు వెనకబడి వినిపిస్తుంది.

ఇక రీపర్. 60 రోజులు ఏ పరిమితీ లేకుండా వాడి చూడొచ్చు. వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. మిక్స్‌ను 24 బిట్ వేవ్ ఫైలుగా, మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ లేకుండా, పీక్ మైనస్ 6 డీబీ దగ్గర ఉండేలా తీయండి. మిక్స్‌లో ఒక లిమిటర్, మాస్టరింగ్‌లో మరొకటి పడితే డోలక్ దెబ్బ చప్పబడిపోతుంది. ఆ ఫైలును కొత్త ప్రాజెక్టులోకి తెచ్చి ఈ వరుసలో ప్లగిన్లు పెట్టండి.

మొదట రీపర్‌తోనే వచ్చే ఈక్యూ, రీఈక్యూతో 30 హెర్ట్జ్ కింద కోత. తర్వాత టోక్యో డాన్ ల్యాబ్స్ వాళ్ల నోవా. ఇది ఉచిత డైనమిక్ ఈక్యూ, అంటే శబ్దం హద్దు దాటినప్పుడే కోసేది. ఒక బ్యాండ్ 300 హెర్ట్జ్ దగ్గర, ఇంకోటి 6 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి, హార్మోనియం ముద్దగా మోగినప్పుడు, తాళం గట్టిగా పడినప్పుడు మాత్రమే 2 డీబీ తగ్గేలా ఆ హద్దును, అంటే థ్రెషోల్డ్‌ను సర్దండి. మామూలు ఈక్యూతో శాశ్వతంగా కోస్తే తాళం లేని చోట గొంతుకూ మెరుపు పోతుంది. డైనమిక్ ఈక్యూ ఎందుకంటే అందుకే. దాని తర్వాత అదే సంస్థ ఉచితంగా ఇచ్చే కోటెల్నికోవ్ కంప్రెసర్ (పెద్ద శబ్దాలను కాస్త అణచేది): రేషియో 1.5, అటాక్ 30 మిల్లీసెకన్లు, తగ్గింపు 1 నుంచి 2 డీబీ. డోలక్ ఎడమ వైపు దెబ్బ పడిన ప్రతిసారీ గొంతు కిందికి కుంగుతోందంటే కంప్రెసర్ బేస్‌కు స్పందిస్తోందని అర్థం. సైడ్‌చైన్‌లో (కంప్రెసర్ విని స్పందించే సిగ్నల్‌లో) కింది బేస్‌ను తగ్గించి, థ్రెషోల్డ్ కాస్త పైకి జరపండి. ఆఖర్న రీపర్‌లోని లిమిటర్, రీలిమిట్: సీలింగ్ (పై హద్దు) మైనస్ 1 డీబీ, ట్రూ పీక్ ఆన్, తగ్గింపు 2 నుంచి 3 డీబీ. దాని తర్వాత యూలీన్ లౌడ్‌నెస్ మీటర్. మీటర్ లిమిటర్‌కు ముందు పడితే చూపించే అంకెకు అర్థం లేదు. పాట మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ప్లే చేశాకే ఇంటిగ్రేటెడ్ లఫ్స్, అంటే పాట మొత్తం మీద సగటు శబ్దస్థాయి చూడాలి.

ఆ అంకె ఎంత ఉండాలన్నదాని మీద వాదన చాలా ఉంది. స్పాటిఫై పాటలను మైనస్ 14 లఫ్స్‌కు సర్దుతుంది. యూట్యూబ్ గట్టి పాటలను తగ్గిస్తుంది గానీ మెత్తని పాటలను పెంచదు. కంప్యూటర్లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే, కంటెంట్ లౌడ్‌నెస్ అని ఒక అంకె కనిపిస్తుంది. అది 4 డీబీ అని ఉంటే, మీరు లిమిటర్‌తో పిండి పెంచిన ఆ 4 డీబీలను యూట్యూబ్ తిరిగి తగ్గించేసింది. డోలక్‌కు జరిగిన నష్టం మాత్రం మిగిలిపోయింది. మైనస్ 4 అని ఉంటే పాట అంత మేర చిన్నగానే ఉంది. భక్తి పాటలకు మైనస్ 14, మైనస్ 12 లఫ్స్ మధ్య ఆగడం మంచిదని మా అభిప్రాయం. వీడియోకు ఇచ్చే ఫైలు 48 కిలోహెర్ట్జ్‌లో తీయండి.

ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేనివి కొన్ని మన దగ్గర ప్రత్యేకంగా ఉన్నాయి. రొయ్యల చెరువు పక్క ఇంట్లో ఏరియేటర్ల మోత, పైన సీలింగ్ ఫ్యాను, కరెంటు పోతే ఇన్వర్టర్ హమ్. లిమిటర్‌తో పాటను 8 డీబీలు పైకి తెస్తే, పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీలో ఫ్యాను మోత కూడా 8 డీబీలు పెరుగుతుంది. మాస్టరింగ్ అయ్యాక హిస్సు పుట్టిందని ప్లగిన్‌ను తిట్టేవారు ఈ సంగతి గమనించాలి. హమ్ 50 హెర్ట్జ్‌లోనూ, 100, 150లోనూ ఉంటుంది. దాన్ని గొంతు ట్రాక్ మీదే, ఆ ఒక్కో ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసే సన్నని నాచ్‌లతో తీయాలి. మాస్టర్ మీద తీస్తే డోలక్ బరువు కూడా పోతుంది. అసలు రికార్డింగ్ అప్పుడే ఛార్జర్ పీకి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు హమ్ రాదు.

గది సంగతీ అంతే. స్లాబు కప్పు, టైల్స్ నేల ఉన్న 10 అడుగుల చదరపు గదిలో 56 హెర్ట్జ్ దగ్గర పొడవు వైపు, వెడల్పు వైపు ఒకే అనునాదం కూడుకుంటుంది. కూర్చున్న చోటును బట్టి ఆ బేస్ ఉబ్బి వినిపిస్తుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. అక్కడ స్పీకర్లను నమ్మి బేస్ పెంచితే ఆటోలో పాట దడదడలాడుతుంది. బేస్ నిర్ణయాలు హెడ్‌ఫోన్లో తీసుకుని, వోక్సెంగో స్పాన్ అనే ఉచిత అనలైజర్‌లో రిఫరెన్సు పాటతో పోల్చండి.

గుడిలోనూ చర్చిలోనూ హారన్ స్పీకర్లు మోనోలో నడుస్తాయి. కీబోర్డు హార్మోనియంను వెడల్పు చేయడానికి ఒక పక్క ఆలస్యం పెట్టినా, ఓజోన్ ఇమేజర్‌తో సాగదీసినా, మోనోలో రెండు పక్కలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రీపర్ మాస్టర్ మీద మోనో బటన్ నొక్కి వినండి. రెండు పక్కలూ ఎంత కలుస్తున్నాయో చూపే కోరిలేషన్ మీటర్ సున్నాకు కిందనే ఉండిపోతుంటే వెడల్పు తగ్గించాల్సిందే.

ఆన్‌లైన్‌లో బ్యాండ్‌ల్యాబ్ మాస్టరింగ్ ఉచితమే. డెమో పంపడానికి పనికొస్తుంది. తాళం ఒక్కదాన్నే తగ్గించమని చెప్పే వీలు లేదు కాబట్టి విడుదలకు మాత్రం వాడొద్దు.

మైకు సెట్టు కోసం విడిగా ఇంకో ఫైలు తీయడం మంచిది. హారన్‌లో కింది బేస్ ఎలాగూ పలకదు, ఆంప్లిఫయర్ శక్తి వృథా అవుతుంది. కాబట్టి 120 హెర్ట్జ్ కింద కోసి, మోనోగా, 320 కేబీపీఎస్ ఎంపీ3గా పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. ఈ ఎంపీ3ని అసలు మిక్స్ ఫైలు నుంచే తీయాలి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే ఫైలు మళ్లీ కుదించుకుపోతుంది.