ఫైబర్ ల్యాండ్‌లైన్ పెట్టిస్తున్నారా, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందు ఇది చదవండి

కాకినాడలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. పాత ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ వేస్తాం, 0884 నంబరు అదే ఉంటుంది, కాల్స్ ఫ్రీ, పైగా నెట్ కూడా వస్తుంది అంటే నేనే సరే అనేశానండి. ఆ తప్పు నాదే. కంపెనీ పేరు అనవసరం, ఎవరి ఫైబర్ అయినా పనిచేసే పద్ధతి ఒకటే.

మొన్న వేసవిలో ఓ రాత్రి రెండింటికి గాలివానకి కరెంటు పోయింది, అమ్మ బాత్రూంలో జారి పడింది. దేక్కుంటూ పక్కనే హాల్లోకొచ్చి రిసీవర్ ఎత్తి 108 నొక్కింది, మళ్ళీ నొక్కింది, డయల్ టోనే లేదు. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది, ఫోన్ మాత్రం చచ్చిపోయింది. సెల్లేమో లోపల దిండు కింద. పొద్దున పాలబ్బాయి వచ్చి తలుపు కొట్టేదాకా ఆ గచ్చు మీదే పడుంది. తుంటి ఎముక విరిగింది.

తర్వాత తెలిసిందేంటంటే, పాత రాగి తీగలో మాటతో పాటు ఫోన్‌కి కావాల్సిన కరెంటు కూడా ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, 48 వోల్టులు, అక్కడ పెద్ద బ్యాటరీలు ఉండేవి, అందుకే ఊరంతా కరెంటు లేకపోయినా ఫోన్ మోగేది. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో వెలుతురు వస్తుంది గానీ కరెంటు రాదు. గోడకి బిగించే తెల్ల డబ్బాకి మన ప్లగ్గు నుంచే కరెంటు అందాలి. మా ఇన్వర్టర్ వైరింగ్ లైట్లకీ ఫ్యాన్లకే ఉంది, వాళ్ళు డబ్బా పెట్టింది టీవీ పక్క ప్లగ్గులో. బిగించిన అబ్బాయి ఈ ముక్క ఒక్కటి చెప్పలేదు, నాకూ అడగాలని తెలీదు.

వాట్సాప్ ఉందిగా అనుకోకండి, దాంట్లోంచి 108కి గానీ 112కి గానీ కాల్ పోదు. సెల్ టవర్ల మీదే పూర్తిగా ఆధారపడినా కష్టమే, 2014లో హుద్‌హుద్ తుపాను అప్పుడు విశాఖలో ఉన్నవాళ్ళని అడగండి.

అందుకే, బిగించినతను ఇంట్లో ఉండగానే మెయిన్ ఆపించి, మీ సెల్ నుంచి ఆ నంబరుకి కొట్టండి. మోగకపోతే సంతకం పెట్టొద్దు. డబ్బా ఇన్వర్టర్ లైన్‌లోకి మార్పించండి, లేదా రౌటర్లకి వాడే మినీ యూపీఎస్ కొనండి, అడాప్టర్ మీద రాసున్న వోల్టులు చూసి అదే రకం తీసుకోండి. కరెంటు పోతే మీ వైపు బ్యాకప్ ఎన్ని గంటలు వస్తుందని ఆపరేటర్ని కూడా అడగండి, అక్కడ బ్యాకప్ లేకపోతే మనం ఎన్ని కొన్నా దండగే.

రాగి లైన్ వెనక్కి ఇమ్మంటే ఆ తీగ పీకేశాం, ఇక రాదు అన్నారు. యూపీఎస్ పెట్టి నిన్న మెయిన్ ఆపి చూశాం, మోగింది. అమ్మ మాత్రం నమ్మట్లేదు, వాకర్‌కి గుడ్డసంచి కట్టుకుని సెల్లు అందులో పెట్టుకునే తిరుగుతోంది.