డ్రైవర్ లేని కారు మనల్ని చూసిందని ఎలా చెప్పాలి? తెరా, లైటా, బ్రేకా?

డ్రైవర్ లేని కార్ల మాట ఎత్తితే చాలు, అందరూ అడిగేది ఒకటే. "రోడ్డు దాటేటప్పుడు డ్రైవర్ మొహం చూసి అడుగేస్తాం కదా, మొహమే లేని బండిని ఏం చూసి నమ్మాలి?" కంపెనీలు దీనికి రకరకాల జవాబులు చెప్పాయి. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తా: బండికి కొత్తగా ఏదీ బిగించక్కర్లేని జవాబు వైపు.

ముందు అక్షరాల సంగతి. 2015లో నిస్సాన్ చూపించిన ఐడీఎస్ అనే కాన్సెప్ట్ (నమూనా) కారు బయటివాళ్ళకు "ముందు మీరు వెళ్ళండి" అనే అర్థం వచ్చే మాట చూపించేది. 2018లో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో డ్రైవ్.ఏఐ అనే కంపెనీ తిప్పిన నారింజ రంగు వ్యాన్లకూ బయటివైపు తెరలుండేవి. చదివితే అర్థం కానిదేమీ లేదు. కానీ చదవాలి కదా! గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 11 మీటర్లు దగ్గరకొచ్చేస్తుంది. తెర మీద ఎండ పడితే సగం అక్షరాలు కనపడవు. చిన్నపిల్లలకు, ఆ భాష రానివాళ్ళకు ఎండ లేకపోయినా ఒకటే.

అంతకంటే పెద్ద చిక్కు, ఆ మాట ఎవరితో అన్నట్టు? ఈ చివర నేను, ఆ చివర సైకిల్ పట్టుకుని ఇంకొకరు నిలబడ్డాం. "దాటండి" అన్నది ఇద్దరిలో ఎవరిని? పైగా కారు తన సంగతి చెప్పగలదు గానీ, పక్క లేన్‌లో దూసుకొస్తున్న బైక్ తరఫున మాటివ్వలేదు. మెర్సిడెస్ 2015 నాటి ఎఫ్ 015 కాన్సెప్ట్‌లో ఏకంగా లేజర్‌తో రోడ్డు మీద జీబ్రా గీతలే వేసింది. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ గీతలు వేసిన బండే ఆగుతుంది, పక్క బండికి వాటితో పనేముంది?

లైటు దీనికంటే నయం. అది మనకు ఏం చెయ్యాలో చెప్పదు, తానేం చేస్తోందో చెబుతుంది. 2017లో ఫోర్డ్, వర్జీనియా టెక్ రవాణా పరిశోధన సంస్థ కలిసి లోపల ఎవరూ లేరనిపించేలా ఓ వ్యాన్ డ్రైవర్‌కి అచ్చం సీటులా కనపడే వేషం వేసి వీధుల్లో తిప్పాయి. ముందు అద్దం పైన తెల్లటి లైటు పట్టీ. అది అటూ ఇటూ మెల్లగా కదిలితే దారి ఇస్తున్నట్టు, గబగబా మినుకుమంటే కదలబోతున్నట్టు, నిలకడగా వెలిగితే తనంతట తాను నడుస్తున్నట్టు. ఇప్పుడే చదివారు కదా, వెనక్కి చూడకుండా ఏది దేనికో చెప్పగలరా? ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా వెలిగిస్తే ఇంక మన గతి అంతే.

రంగుతోనూ గొడవే. పచ్చ లైటు వెలిగితే "నువ్వు వెళ్ళు" అనా, "నేను వెళ్తున్నా" అనా? ఈ లైట్లకు నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఉండే రంగును ఎంచుకోవడానికి ఒక కారణం, రోడ్డు మీద దాన్ని వేరే దేనికీ వాడకపోవడం. 2023 చివర్లో కాలిఫోర్నియా, నెవాడాల్లో మెర్సిడెస్‌కి ఆ రంగు లైట్లకు అనుమతి వచ్చింది. కానీ ఆ లైటు చెప్పేది బండి తనంతట తాను నడుస్తోందని మాత్రమే. మనల్ని చూసిందని కాదు. ఈ తేడా చాలామందికి తట్టదు. డ్రైవర్ లేని టాక్సీలు నడిపే వేమో కంపెనీ పద్ధతి నాకు నచ్చింది: ఎవరికైనా దారి ఇస్తుంటే పైకప్పు మీది గుండ్రటి డోమ్‌పై నడిచే మనిషి బొమ్మ కనిపిస్తుంది. బొమ్మ కాబట్టి భాష అక్కర్లేదు.

కళ్ళు తిప్పే బండ్లు, నవ్వే బండ్లు కూడా వచ్చాయి, ఫొటోలకు బాగుంటాయి. చూపు లేనివాళ్ళకు శబ్దం తప్పనిసరి, అందులో వాదనే లేదు. ఫోన్‌కి మెసేజ్ పంపే ఆలోచన ఉంది గానీ, ఫోన్ లేనివాళ్ళు రోడ్డు దాటకూడదా?

ఇక బ్రేకు. ఈసారి రోడ్డు దాటేటప్పుడు మీరు నిజంగా ఏం చూస్తున్నారో గమనించండి. మిట్టమధ్యాహ్నం కారు అద్దంలో ఆకాశం, చెట్టు కొమ్మలు తప్ప మొహం ఎక్కడ కనపడుతుంది? రాత్రయితే హెడ్‌లైట్ల వెనక అంతా చీకటే. అయినా దాటుతూనే ఉన్నాం. ముందు చక్రం నెమ్మదిస్తుంది, బానెట్ కాస్త కిందికి కుంగుతుంది, ఆగాక బండి ఒక్క ఊపు వెనక్కి ఊగి కుదురుకుంటుంది. ఆ ఊపు చూశాకే మన కాలు కదులుతుంది. బ్రిటన్, గ్రీస్, జర్మనీ రోడ్ల మీద జనాన్ని గమనించిన పరిశోధకులకూ చేతి సైగల్లాంటివి అరుదుగానే కనిపించాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ఇదే సీటు వేషంతో కారు నడిపితే, డ్రైవర్ లేడనుకున్నవాళ్ళు కూడా ఎక్కువమంది మామూలుగానే దాటేశారు. బండి క్రాసింగ్‌లోకి జరిగినప్పుడే తడబడ్డారు.

కాబట్టి నా లెక్కలో మంచి కారంటే, అవసరమైనదానికంటే ముందే వేగం తగ్గించాలి, గీతకు నాలుగైదు అడుగులు ఇవతలే ఆగాలి. ఆగాక అంగుళం అంగుళం ముందుకు జరగకూడదు. ఆ జరగడమే అసలు టెన్షన్. ఒక కాలు రోడ్డు మీద పెట్టి, మళ్ళీ పైకి తీసుకుని, మళ్ళీ పెట్టి... మనుషులు నడిపే కార్లతోనే ఈ నాట్యం చాలాసార్లు చేశాను.

బ్రేకుకీ ఓ లోపం ఉంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. గుంత చూసి తగ్గినా, మలుపు కోసం తగ్గినా మన కోసమే అనుకుంటాం. అక్కడ ఆ నడిచే మనిషి బొమ్మ పనికొస్తుంది. అయితే బండి వేగం తగ్గడం మొదలయ్యాకే బొమ్మ వెలగాలి, ముందు కాదు. బొమ్మ వెలిగినా చక్రం అదే జోరుతో తిరుగుతుంటే, నేనైతే కాలు కింద పెట్టను.