ఈసీజీ ప్రాజెక్టు కొంటున్నారా? బ్యాలెన్స్ కట్టేముందు ఇది చదవండి

బెంగళూరులో ఫైనలియర్, ఎంటెక్ ప్రాజెక్టుల కోసం రెడీమేడ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నా. సెంటర్ పేరు, ఏరియా చెప్పను. కౌంటర్లో ఉన్నాయన గుంటూరు యాసలో పలకరించేసరికి కరిగిపోయాను. "99.2 యాక్యురసీ తమ్ముడూ, రివ్యూకి టెన్షనే ఉండదు" అన్నాడు. ఈసీజీ సిగ్నల్ చూసి గుండె లయ తప్పిందో లేదో చెప్పే మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టు అది. 18,000కి బేరం కుదిరింది, 10,000 అడ్వాన్స్ ఇచ్చాను. అసలు కొనడమే తప్పంటారా? అనండి, పడతాను.

మారతహళ్లిలో మా పీజీ గదికొచ్చి, ఎస్పీ రోడ్‌లో కొన్న ఏడీ8232 అనే ఈసీజీ సెన్సర్ బోర్డుకి ఆర్డుయినో (చిన్న కంట్రోలర్ బోర్డు) తగిలించి, మూడు ఎలక్ట్రోడ్లు అంటించుకుని కూర్చున్నా. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే స్క్రీన్ మీద గీతకి నూగు మొలిచినట్టయింది. తీసేస్తే చాలావరకు పోయింది. (ఎలక్ట్రోడ్లు ఒంటిమీద ఉండగా ఛార్జర్ పెట్టకూడదు, అది నా తెలివితక్కువతనం.) మోడల్ మాత్రం ప్రతి బీట్‌కీ ఎర్రగా 'అబ్నార్మల్' అని చూపిస్తోంది. "జయదేవ గుండె ఆసుపత్రికి ఆటో పిలవనా?" అన్నాడు రూమ్మేటు.

రాత్రి కూర్చుని కోడ్ తెరిచాను. మొదటి పేజీలోనే దొరికింది: నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరి రొదని కోసేసేది) 60 హెర్ట్జ్, శాంప్లింగ్ (సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తారో) 360. వాళ్లు ట్రెయిన్ చేసింది ఎంఐటీ-బీఐహెచ్ అనే ఈసీజీ రికార్డుల డేటా మీద. అది అమెరికాది, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, రికార్డింగు సెకనుకి 360 శాంపిళ్లు. మన గోడలో ఉన్నది 50. పైగా నా ఆర్డుయినో సెకనుకి 250 శాంపిళ్లే పంపుతుంది. 360కి లెక్కగట్టిన ఫిల్టర్‌ని 250 మీద వేస్తే ఆ నాచ్ 60 దగ్గర కూడా ఉండదు, 41.7 దగ్గరికి జారిపోతుంది. అంటే కరెంటు రొదని వదిలేసి, గుండె సిగ్నల్లో ముక్కని కోస్తోంది.

రెండోది ఇంకా ఘోరం. ఫిల్టర్‌కి సైపై అనే పైథాన్ లైబ్రరీలోని ఫిల్ట్‌ఫిల్ట్ వాడారు. అది సిగ్నల్‌ని ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి నడిపిస్తుంది, అందుకే అలల ఆకారం పక్కకి జరగకుండా అందంగా వస్తుంది. సేవ్ చేసిన రికార్డుకి బాగానే ఉంటుంది. కానీ లైవ్‌లో వెనక్కి నడవాలంటే ఇంకా రాని శాంపిళ్లు కావాలి! వీళ్లేమో వచ్చిన సిగ్నల్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ విడిగా ఫిల్ట్‌ఫిల్ట్ కొట్టారు. ముక్కా ముక్కా కలిసే ప్రతిచోటా గీత ఎగిరిపడుతోంది. ఆ ఎగురుడునే మోడల్ బీట్ అనుకుంటోంది.

మరి 99.2 ఎలా వచ్చింది? ఆ డేటాలో 47 మంది మనుషులవి 48 రికార్డులు. వీళ్లు బీట్లన్నీ కలిపి పేకముక్కల్లా కలిపేసి ట్రెయిన్ (నేర్పడానికి), టెస్ట్ (పరీక్షించడానికి) అని పంచారు. ఒకే మనిషి బీట్లు రెండువైపులా ఉంటే మోడల్ జబ్బుని కాదు, మనిషిని గుర్తుపడుతుంది. పరిశోధకులు వాడే పద్ధతిలో ఇటు 22, అటు 22 రికార్డులు వేరుచేసి (పేస్‌మేకర్ ఉన్న నాలుగూ తీసేసి) మళ్లీ నడిపితే 86 వచ్చింది. అదే టెస్ట్ సెట్‌లో కళ్లు మూసుకుని "అన్నీ నార్మలే" అన్నా 89 వస్తుంది. పదివేలు పెట్టి అంతకన్నా తక్కువది కొన్నానన్నమాట.

సెంటర్ ఆయనకి ఫోన్ చేస్తే "నీ సెన్సర్ డూప్లికేట్ అయ్యుంటుంది" అన్నాడు. తర్వాత "లైవ్ మాడ్యూల్‌కి ఇంకో 4,000" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ చేద్దామని రసీదు తీస్తే దాని మీద 'ఇంటర్న్‌షిప్ ఫీజు' అని ఉంది, ప్రాజెక్టు అమ్మినట్టే లేదు. మీరు కొనేటప్పుడు ముందు రసీదు మీద ఏం రాశారో చూడండి. ఆ తర్వాత వాళ్ల డెమో వీడియో కాదు, మీ చేతికి ఎలక్ట్రోడ్లు పెట్టించి అక్కడే నడిపించమనండి. నాచ్ ఎంతకి పెట్టారో, టెస్ట్‌లో ఉన్న మనుషులు ట్రెయిన్‌లో ఉన్నారో లేదో అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

మిగతా 8,000 నేను కట్టలేదు. ఫిల్టర్ నేనే మళ్లీ రాస్తున్నా: 50 హెర్ట్జ్ నాచ్, 250 శాంప్లింగ్, ముందుకి మాత్రమే నడిచేది, ఒక ముక్కలో ఆగిన స్థితి నుంచే తర్వాతి ముక్క మొదలయ్యేలా. ట్రెయినింగ్ డేటాని కూడా 250కి మార్చి, అదే ఫిల్టర్‌లోంచి పంపి మళ్లీ నేర్పించాలి. రివ్యూకి ఇంకా పదకొండు రోజులుంది.