పెద్ద పార్టీ యువజన విభాగమా, చిన్న ప్రగతిశీల పార్టీయా, పార్టీ లేని ఉద్యమమా: ఇరవై ఏళ్లవారికి ఏది మేలు?

కుల సమానత్వం, ప్రభుత్వ విద్య, డబ్బు ప్రమేయం లేని ఎన్నికలు వంటి విషయాలపై గట్టి అభిప్రాయాలున్న ఇరవై ఏళ్ల యువతి గానీ యువకుడు గానీ తెలుగు రాష్ట్రాల్లో రాజకీయాల్లోకి రావాలనుకుంటే ముందు మూడు దారులు కనిపిస్తాయి. పెద్ద పార్టీ యువజన విభాగంలో చేరవచ్చు, గెలుపు అవకాశాలు తక్కువైనా తమ భావాలకు దగ్గరగా ఉండే చిన్న పార్టీని ఎంచుకోవచ్చు, లేదా ఏ పార్టీతోనూ ముడిపడకుండా ఒక సమస్యపై ఉద్యమించవచ్చు. శాసనసభకు పోటీ చేయడానికి రాజ్యాంగం విధించిన కనీస వయసు 25 ఏళ్లు కాబట్టి, ఈ ఎంపికను పదవి కోణం నుంచి కాక, ఆ వయసు వచ్చేలోపు ఎక్కడ ఎక్కువ నేర్చుకుంటారన్న కోణం నుంచి తూచడం న్యాయం. అలా తూచినప్పుడు చిన్న పార్టీయే మేలని, అయితే కొన్ని షరతులతోనే మేలని నేను నమ్ముతున్నాను.

పెద్ద పార్టీకి ఉన్న బలాన్ని తక్కువ చేయలేము. పింఛను ఆగిపోయిన వృద్ధురాలికి, రేషన్ కార్డు రాని కుటుంబానికి పని జరిపించాలంటే అధికార పార్టీ కార్యకర్తకు తెరుచుకునే తలుపులు ఇతరులకు అంత సులువుగా తెరుచుకోవు. ప్రభుత్వ యంత్రాంగం ఎలా కదులుతుందో దగ్గరగా చూసే అవకాశం కూడా అక్కడే ఎక్కువ. కానీ యువజన విభాగాల్లో రోజువారీ పని ఎక్కువగా బైక్ ర్యాలీలు, ఫ్లెక్సీలు, జనసమీకరణ, సోషల్ మీడియా ప్రచారం చుట్టూనే తిరుగుతుంది. విధానం మీద మాట్లాడే చోటు అరుదు. టికెట్ల సంగతికి వస్తే, 2023 తెలంగాణ ఎన్నికల్లో పాలకుర్తి నుంచి యశస్వినీరెడ్డి, మెదక్ నుంచి మైనంపల్లి రోహిత్ చిన్న వయసులోనే కాంగ్రెస్ తరఫున గెలిచారు. వారిని గెలిపించింది ప్రజలే అయినా, ఆ టికెట్ల వెనుక కుటుంబాల రాజకీయ బలం ఉందన్నది అందరికీ తెలిసిన విషయమే. 1983లో తెలుగుదేశం పెద్ద సంఖ్యలో కొత్తవారిని, చదువుకున్న యువకులను శాసనసభకు పంపిన మాట నిజం, కానీ అప్పటికి ఆ పార్టీ పుట్టి ఏడాదైనా కాలేదు, టికెట్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పాతకాపులు అందులో లేరు. ఇక లోపలి నుంచి పార్టీని మారుస్తామనే ఆశ విషయంలో, 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలును, అంటే ఫిరాయింపుల నిరోధక నిబంధనలను గుర్తుంచుకోవాలి. విప్‌ను, అంటే ఎలా ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి ఓటు వేసిన శాసనసభ్యుడు సభ్యత్వాన్నే కోల్పోవచ్చు కాబట్టి, గెలిచిన తర్వాత కూడా సొంత గొంతుకు ఉండే చోటు చాలా తక్కువ.

పార్టీలేని ఉద్యమానికి మన దగ్గర మంచి ఉదాహరణ లోక్‌సత్తాయే. ఐఏఎస్ ఉద్యోగాన్ని వదిలిన జయప్రకాశ్ నారాయణ 1996లో ప్రారంభించిన ఆ సంస్థ, 1999 ఎన్నికల్లో నేరచరిత్ర గల అభ్యర్థుల వివరాలను ప్రజల ముందు పెట్టి పెద్ద చర్చను లేవనెత్తింది. అభ్యర్థులు తమ కేసులను, ఆస్తులను వెల్లడించాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పడానికి, 2005లో సమాచార హక్కు చట్టం రావడానికి దేశమంతటా ఇలాంటి సంస్థలు చేసిన పోరాటాలే ఆధారం. ఫలితాల లెక్కన చూస్తే లోక్‌సత్తా ఉద్యమంగా గడిపిన తొలి పదేళ్లు, పార్టీగా గడిపిన తర్వాతి పదేళ్ల కంటే సఫలమయ్యాయని ఒప్పుకోవలసిందే. అయినా యువతకు మొదటి బడిగా ఉద్యమాన్ని నేను సూచించలేను, ఎందుకంటే ఉద్యమం తనకు నచ్చిన సమస్యను ఎంచుకుని మిగతావాటిపై మౌనంగా ఉండగలదు, పార్టీకి ఆ వెసులుబాటు లేదు. రుణమాఫీ నుంచి రిజర్వేషన్ల దాకా ప్రతిదానిపైనా వైఖరి తీసుకుని, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పి, ఓటరు ముందు నిలబడటం వేరే స్థాయి క్రమశిక్షణ.

చిన్న పార్టీకి లెక్కలు మాత్రం కఠినంగానే ఉంటాయి. 2006 అక్టోబరు 2న పార్టీగా మారిన లోక్‌సత్తా 2009లో కూకట్‌పల్లి ఒక్క స్థానాన్ని గెలిచింది, 2016లో ఎన్నికల పోటీ నుంచే తప్పుకుంది. తెలంగాణలో 2018లో వామపక్షాలకు ఒక్క సీటూ రాలేదు. 2023లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న సీపీఐ కొత్తగూడెం గెలుచుకోగా, విడిగా పోటీ చేసిన సీపీఎం ఖాతా తెరవలేదు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే పదివేల రూపాయల డిపాజిట్ గల్లంతవుతుంది. దానికంటే బాధించేది, ‘మీరు మంచివాళ్లే, కానీ మీకు వేస్తే ఓటు వృథా’ అని ప్రతి గడపలోనూ వినవలసి రావడం.

ఇంత నష్టం ఉన్నా నేను అటే మొగ్గడానికి కారణం పని స్వభావం. మనుషులు తక్కువగా ఉండటం వల్ల చిన్న పార్టీలో ఇరవై ఏళ్లవారికే పెద్దల పని అప్పగించక తప్పదు: వార్డు సమస్యలపై వినతిపత్రం రాయడం, మున్సిపల్ బడ్జెట్ చదివి అందులోని లోపాన్ని పట్టుకోవడం, పోలింగ్ ఏజెంటుగా ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని పోలైన ఓట్ల లెక్క చూపే ఫారం 17సి తీసుకుని రావడం. కమ్యూనిస్టు పార్టీల్లో శాఖ మహాసభ నుంచి మండల, జిల్లా, రాష్ట్ర మహాసభల దాకా నివేదికపై చర్చించే సంప్రదాయం, ఆదాయాన్ని బట్టి పార్టీకి లెవీ (చందా) కట్టే నియమం ఇంకా నిలిచి ఉన్నాయి. సొంత డబ్బు ఇచ్చి, సొంత మాట చెప్పి, ఓడిపోయిన నిర్ణయానికి కూడా కట్టుబడటం నేర్పే చోట్లు మన సమాజంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి.

అయితే చిన్న పార్టీలన్నీ ఒకటి కావు. ఒకే నాయకుడి విశ్వసనీయత మీద నిలిచిన పార్టీలో యువతకు గొంతు త్వరగా దక్కవచ్చు, కానీ ఆ నాయకుడు పోటీ నుంచి విరమించుకున్న రోజున కార్యకర్త శ్రమకు ఆధారం పోతుంది. శాఖల మీద నిలిచిన పార్టీ ఓటముల తర్వాత కూడా బతుకుతుంది, కానీ అక్కడ పెద్దలు కుర్చీలు వదలడం ఆలస్యం. సీపీఎం కేంద్ర కమిటీకి 75 ఏళ్ల వయోపరిమితి అమల్లోకి వచ్చింది 2022 కన్నూర్ మహాసభలోనే. పొత్తుల బాధ మరొకటి. 2018లో తెలంగాణ జన సమితి పుట్టిన ఏడాదే కాంగ్రెస్ నాయకత్వంలోని మహాకూటమిలో చేరినప్పుడు సీట్ల సర్దుబాటు చివరిదాకా సాగింది. గ్రామాల్లో తిరిగిన కార్యకర్తలకు ఆ నిర్ణయాల్లో పాత్ర నామమాత్రం. ఈ రెండు నమూనాల్లో శాఖల మీద నిలిచినదే శిక్షణకు మేలని నా అభిప్రాయం. చేరేముందు కమిటీ ఎన్నికలు చివరిసారి ఎప్పుడు జరిగాయో, జమాఖర్చులు సభ్యులకు చూపిస్తారో లేదో అడగాలి. చదువు మాని పూర్తికాలపు కార్యకర్తగా రమ్మని తొలి ఏడాదే ఒత్తిడి చేసే పార్టీకి దూరంగా ఉండటమే క్షేమం.

చేరిన తర్వాత దృష్టి శాసనసభ మీద కాక గ్రామ పంచాయతీ మీద పెట్టాలి. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తులపై జరుగుతాయి గానీ, సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు రెండు రాష్ట్రాల్లోనూ పార్టీరహితంగానే జరుగుతాయి. చిన్న పార్టీని వెనక్కి లాగే గుర్తు సమస్య అక్కడ ఉండదు, పార్టీ అభ్యర్థిగా ధ్రువీకరించే బీ-ఫారం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు, ఓటర్లందరినీ పేరుపేరునా కలవడం ఒక్క మనిషికి సాధ్యమవుతుంది. అక్కడ పోటీకి కావలసిన వయసు 21 ఏళ్లే.