గోడలు తడిమి చూసిన మూడు బసలు

ఇంటీరియర్ పనిలో ఉన్నందువల్ల హోటల్ గదిలో అడుగు పెట్టగానే నా చెయ్యి ముందు గోడ మీదికో, అలమర తలుపు మీదికో పోతుంది. ఈసారి కాలిఫోర్నియాలో అయిదు రాత్రులు మూడు చోట్ల ఉన్నాం. మూడింట్లోనూ ఎటు చూసినా చెక్కే.

మొదటి హోటల్లో రిసెప్షన్ వెనక గోడ నిండా వాల్‌నట్ వెనీర్, అంటే అక్రోట్ చెక్క నుంచి తీసిన పల్చటి పొరలు, బుక్ మ్యాచ్‌లో వేశారు. ఒకే దుంగ నుంచి వరసగా తీసిన పొరల్లో ఒకదాన్ని పుస్తకం పేజీలా తిప్పి, రెండోదాని పక్కన అతికించడమే బుక్ మ్యాచ్. గీతలు అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా కలుస్తాయి. పొర మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. పొరలకు నంబర్లు వేసుకుని, ఒక్కటి కూడా తారుమారు కాకుండా అంత పెద్ద గోడను నింపాలంటే ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. సామాను పక్కన పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

గదిలోకి వెళ్లాక మాత్రం మనసు చివుక్కుమంది. కిటికీ వెలుతురు నేరుగా పడే చోట వాల్‌నట్ వెలిసిపోయింది. గోడకున్న పటాన్ని కాస్త జరిపితే దాని వెనక అసలు రంగు ముదురుగా, చతురస్రంలా కనిపించింది. వాల్‌నట్ స్వభావమే అంత, ఎండకు పాలిపోతుంది. చెర్రీ అయితే అదే ఎండకు ముదురుతుంది. పాలిష్‌లో యూవీని అడ్డుకునే పూత, కిటికీకి ఒక పల్చటి తెర ఉంటే ఈ మార్పు చాలా నెమ్మదిస్తుంది. ఇంకా బాధపెట్టింది బాత్రూం తలుపు. కింది అంచు సీల్ చేయకపోవడంతో నీళ్లు పీల్చుకుని లోపలి ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) ఉబ్బింది, పైపొర లేచింది. సిబ్బంది మర్యాదగా గది మార్చారు కానీ ఆ గదిలోనూ తలుపు అలాగే ఉంది. లాబీకి పెట్టిన శ్రద్ధలో కొంత తలుపు అంచులకూ పెట్టి ఉండాల్సింది.

రెండో హోటల్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నిద్ర బాగా పట్టింది, సర్వీసు చురుగ్గా ఉంది. వాళ్ల వెబ్‌సైట్లో ‘సహజమైన ఓక్’ అని రాశారు. కారిడార్లో నడుస్తుంటే ప్రతి మూడో తలుపు మీదా అదే ముడి, అదే ఎత్తులో! చెట్టు ఎప్పుడూ అలా పెరగదు కదా. అది లామినేట్, చెక్క గీతలు అచ్చు వేసిన కాగితంతో చేసిన పైపొర. పెట్టెలు రోజూ రాసుకుపోయే కారిడార్లో లామినేట్ వాడటం తప్పేమీ కాదు. దాన్ని చెక్క అని చెప్పడమే తప్పు.

చివరి రెండు రాత్రులు లాంగ్ బీచ్‌లో లంగరు వేసి ఉన్న క్వీన్ మేరీ ఓడలో గడిపాం. 1936లో తొలి ప్రయాణం చేసిన ఈ ఓడ 1967లో ఇక్కడికి చేరింది, తర్వాత హోటల్ అయింది. లోపలి అలంకరణకు 56 రకాల చెక్క వాడారని చెబుతారు. పాత ఓడ గదులు కాబట్టి కొత్త హోటళ్ల సౌకర్యాలే ముఖ్యమనుకునేవాళ్లకు నేను సిఫారసు చేయను. చెక్క మీద ప్రేమ ఉంటే మాత్రం ఒక్క రాత్రయినా ఉండి తీరాలి. మా గది గోడకు చెవి ఆనించి పడుకుంటే నడవాలో అడుగుల చప్పుడు, పాత చెక్క చిన్నగా కిర్రుమనడం వినిపించేవి. సాయంత్రం దీపాలు వెలిగాక ఒకే పలక కుడివైపు నుంచి చూస్తే తేనెరంగులో, ఎడమవైపు నుంచి చూస్తే గోధుమరంగులో కనబడింది. నార తిరిగిన తీరును బట్టి వెలుగు అలా మారుతుంది. అచ్చు వేసిన కాగితానికి ఆ లోతు రాదు.

బయల్దేరే రోజు పొద్దున మా అబ్బాయి అడిగాడు, “నాన్నా, 56లో ఎన్ని గుర్తుపట్టావు?” అని. తొమ్మిది. పదోది మెట్ల దగ్గర చుక్కచుక్కల చెక్క, మేపుల్ అవునో కాదో తేల్చుకోవడానికి టాక్సీ వచ్చేదాకా అక్కడే ఉన్నాం.