హరికేన్‌కు పైకప్పు లేచిపోయిన బడి: పాత పద్ధతి రేకులా, పట్టీలు బిగించిన రేకులా, స్లాబా?

కరీబియన్ దీవులలో హరికేన్ల పాలైన బడుల గురించి నేను రాసిన ప్రతిసారీ, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల పాఠకుల నుంచి, ఒకే ప్రశ్న వస్తున్నది: ఎగిరిపోయిన రేకుల చోట మళ్లీ రేకులే ఎందుకు వేస్తారు, స్లాబు పోస్తే పీడ విరగడవుతుంది కదా అని. 2014లో హుద్‌హుద్‌నూ, 2018లో తిత్లీనీ చూసినవారు అలా అడగడం సహజం. అయినా నా మొగ్గు స్లాబు వైపు లేదు.

పైకప్పును ఎంచుకునే ముందు, రేకు ఎంత పోయిందన్నది కాక, ఏ అతుకు ముందుగా వదిలిందన్నది చూడాలి. స్క్రూలు దూలానికే మిగిలి, వాటి చుట్టూ రేకు చిరిగిపోయి ఉంటే, రేకు పలచనిదైనా అయి ఉండాలి, స్క్రూల మధ్య ఎడం ఎక్కువైనా అయి ఉండాలి. రేకూ అడ్డదూలమూ కలిసి పోయాయంటే, దూలానికీ వాసానికీ మధ్య మేకు తప్ప మరే బంధమూ లేదని అర్థం. వాసాలతో సహా మొత్తం లేచిపోతే, గోడ పైభాగాన కాంక్రీటు బీముకు వాసాన్ని ఎవరూ కట్టలేదన్న మాట. నష్టం పత్రంలో ఈ మూడింటినీ ‘పైకప్పు పోయింది’ అన్న ఒక్క మాటతో ముగించడం వల్లనే తర్వాతి మరమ్మతు తప్పుదారి పడుతుంది.

పునరావాస కేంద్రంగా వాడిన బడికి రెండవ నష్టం కూడా ఉంటుంది. వందలమంది వారాల తరబడి తలదాచుకున్నాక సెప్టిక్ ట్యాంకు నిండిపోతుంది, బెంచీలు విరుగుతాయి, తరగతి గదులు వంట పొగకు మసిబారుతాయి. గాలి చేసిన నష్టాన్నీ దీనినీ వేర్వేరు పత్రాలలో రాయాలి. కలిపి రాస్తే పైకప్పుకు డబ్బు వస్తుంది గానీ మరుగుదొడ్లు అలాగే ఉండిపోతాయి, అవి లేని బడికి ఎదిగిన ఆడపిల్లలు తిరిగి రావడం కష్టం.

ఇక పోలికకు వస్తే, గుడారాలలోనో టార్పాలిన్ కిందనో పాఠాలు చెప్పడం కొన్ని వారాలకు పనికొచ్చే ఏర్పాటు మాత్రమే. పాత పద్ధతిలో మేకులు కొట్టి రేకులు వేయడం అన్నిటికంటె చౌక, కొద్ది రోజుల పని; కానీ ఏ అతుకు వదిలిందో దాన్నే యథాతథంగా తిరిగి కట్టడమవుతుంది.

స్లాబుకు ఉన్న బలం నేను కాదనను. దాని బరువే దానికి రక్ష. గాలి దాన్ని ఎత్తలేదు. అయితే ఆ బరువును మోయడానికి చాలా పాత బడుల సిమెంటు దిమ్మెల గోడలు సరిపోవు. స్తంభాలు, పునాదులు కొత్తగా కావాలి. పైగా ఆ దీవులలో భూకంపాల భయం కూడా ఉంది. 2010 జనవరి 12న హైతీలో బలహీనమైన గోడల మీది కాంక్రీటు కప్పులు ఎన్ని ప్రాణాలు తీశాయో గుర్తున్నవారెవరూ ఉన్న గోడల మీద స్లాబు పోయమని తేలికగా చెప్పలేరు.

నా దృష్టిలో అన్నిటికంటె నిర్ణాయకమైనది కాలం. అట్లాంటిక్ హరికేన్ల రుతువు జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. 2017లో సెప్టెంబర్ 6న ఇర్మా హరికేన్ బార్బుడాను ధ్వంసం చేస్తే, వెనకే హోసే అనే మరో హరికేన్ వస్తున్నదని ఆ దీవి ప్రజలందరినీ ఆంటిగ్వాకు తరలించవలసి వచ్చింది. ఆ నెల 18న మరియా డొమినికాను తాకింది. ఆ ఒక్క తుఫానుకు డొమినికాలో జరిగిన నష్టం దేశ స్థూల ఉత్పత్తిలో 226 శాతమని అంచనా వేశారు. తర్వాతి గాలి రెండు వారాలలో రావచ్చునన్నప్పుడు, ఆసరా కర్రల మీద నిలిచి ఉన్న సగం స్లాబు ఎవరికీ నీడ ఇవ్వదు.

అందుకే నేను ఎంచుకునేది మధ్య దారి: నాలుగు వైపులా వాలు ఉన్న రేకుల కప్పు, ప్రతి వాసాన్నీ గోడ మీది బీముకు బిగించే గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ, మేకులకు బదులు స్క్రూలు, గాలి పీల్పు ఎక్కువగా ఉండే చూరు, మూలలు, శిఖరం దగ్గర వాటిని మరింత దగ్గరగా వేయడం. వసారా కప్పును ప్రధాన కప్పుతో కలపకుండా విడిగా కట్టాలి. వసారా లేచినా తరగతి గది నిలుస్తుంది. కిటికీలకు గట్టి తలుపులు తప్పనిసరి, ఎందుకంటే ఒక్క కిటికీ పగిలి గాలి లోపలికి దూరితే పైకప్పును కింద నుంచి కూడా తోస్తుంది. ఈ పనులు ఊరి వడ్రంగులకు నేర్పగలిగినవే, గది తర్వాత గదిగా చేయగలిగినవే. జనం తలదాచుకునే ఒక్క విభాగానికి మాత్రం, పునాది నుంచి కొత్తగా కట్టే వీలుంటే, స్తంభాలతో సహా స్లాబే వేయమంటాను.

మన తీరం పాఠకులకు ఒక మాట. కట్టడాలపై గాలి భారాన్ని లెక్కకట్టే భారతీయ ప్రమాణం, అంటే 2015 నాటి ఐఎస్ 875 మూడవ భాగం, తూర్పు తీరంలో తుఫాను తర్వాత అవసరమయ్యే కట్టడాలలో బడులను కూడా చేర్చి, గాలి వేగాన్ని 1.30తో హెచ్చించమంటుంది. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక భారం 1.69 రెట్లవుతుంది. మీ ఊరి బడికి రేకులు వేసినా స్లాబు పోసినా, అంచనా పత్రంలో ఆ లెక్క ఉన్నదో లేదో ముందు అడగండి.