సంఘ చరిత్రా, సంఘ చట్టమా: సొంత పుస్తకాల అలమరకు ముందు ఏది మేలు?

క్రైస్తవ సంఘ చరిత్ర మీద సొంతంగా పుస్తకాలు కూడబెట్టుకోదలచినవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. ముందుగా చరిత్ర సంపుటాలు కొనాలా, లేక సంఘ మహాసభల కాననులు (అంటే సంఘ నియమాలు), చట్ట సంహితల వంటి మూలగ్రంథాలు కొనాలా? చేతిలో డబ్బు, అలమరలో చోటు రెండూ పరిమితమే కనుక దీనికి సూటిగా జవాబు చెప్పవలసిందే.

చరిత్ర సంపుటాల పక్షాన బలమైన వాదమే ఉంది. 451 నాటి చాల్సిడన్ మహాసభ 28వ కానను కాన్‌స్టాంటినోపుల్ పీఠానికి ఇచ్చిన హోదాను రోము ఎందుకు అంగీకరించలేదో తెలియకపోతే, ఆ కానను ఎన్నిసార్లు చదివినా దాని వెనుక ఉన్న పోరు అర్థం కాదు. అయితే చరిత్రకారుడు తనకు ముఖ్యమని తోచినదే చెబుతాడు. 325 నాటి నైసియా మహాసభ గురించి చదవబోతే క్రీస్తు దైవత్వంపై ఏరియస్ లేపిన వివాదమూ విశ్వాస ప్రమాణమూ పేజీలకు పేజీలు నడుస్తాయి. అదే సభ చేసిన 20 కాననులను వరుసగా చదివితే వేరే లోకం కనిపిస్తుంది. మతగురువులు ఒక ఊరి నుంచి మరో ఊరికి మారకూడదని 15వది, వడ్డీ వ్యాపారం చేసే గురువును పదవి నుంచి తొలగించాలని 17వది, ఆదివారాల్లో మోకరించక నిలబడి ప్రార్థించాలని 20వది చెబుతాయి. నిషేధించవలసి వచ్చిందంటే అవి అప్పటికి జరుగుతూ ఉన్నట్టే కదా. ఆనాటి సంఘ జీవితం నాకు ఈ నిషేధాల్లో కనిపించినంత దగ్గరగా మరెక్కడా కనిపించలేదు.

అందుకే నా మొగ్గు చట్ట గ్రంథాల వైపే. కానీ ఒక షరతు ఉంది, నా దృష్టిలో అసలు తేల్చేది అదే: కొనే ప్రతిలో ప్రతి కాననుకూ ఆధారం చూపే పాదసూచికలు ఉండాలి. సుమారు 1140లో గ్రేషియన్ కూర్చిన సంఘ చట్ట సంకలనం డిక్రీటమ్‌నే తీసుకోండి. అందులో తొలినాటి పోపుల పేరిట చేరిన లేఖలు కొన్ని నిజానికి 9వ శతాబ్దంలో సృష్టించిన కూటలేఖలు. ఆ సంగతిని 1628లో చరిత్రకారుడు డేవిడ్ బ్లాండెల్ నిరూపించేదాకా వాటిని ప్రామాణికమనే భావించిన పండితులు ఎందరో. సూచికలు లేని ప్రతి చేతిలో ఉంటే మనమూ అలాగే మోసపోతాం. 1879-81లో లైప్‌జిగ్‌లో వెలువడిన ఫ్రీడ్‌బెర్గ్ పరిష్కరణ ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూపుతుంది కనుక, పాతబడినా ఈనాటికీ దాని విలువ తగ్గలేదు. 1917 నాటి కథోలిక సంఘ చట్ట సంహితను కొన్నా కార్డినల్ గాస్పారీ సూచికలున్న ముద్రణనే వెతకాలి. 2,414 కాననుల ఆ గ్రంథం ఇప్పుడు అమలులో లేదు గదా అని వదిలేయకండి, ఎందుకంటే ఒక్కొక్క కానను కిందనున్న సూచికలను పట్టుకుని వెనక్కి నడిస్తే శతాబ్దాల చరిత్ర దానంతటదే విప్పుకుంటుంది. అలా నడిచేటప్పుడు దారి తప్పకుండా ఉండడానికి మంచి చరిత్ర గ్రంథం ఒక్కటి పక్కనుంటే చాలు.

మాన్సీ సంపాదకత్వంలో వెలువడిన మహాసభల పత్రాల సంపుటాలు 31, మీన్య్ ప్రచురించిన లాటిన్ సంఘ పితరుల (తొలినాటి సంఘ రచయితల) రచనల సంపుటాలు 221. వీటిని ఇంట్లో పెట్టుకోవాలనే ఆశ వద్దు, స్కాన్ ప్రతులు చాలు.

ఇప్పుడు అమలులో ఉన్న 1983 కథోలిక సంహితను, అంటే 1,752 కాననులతో వెలువడినదాన్ని, పాత పుస్తకంగా కొనేవారు ముద్రణ సంవత్సరం తప్పక చూడాలి. శిక్షలకు సంబంధించిన 6వ భాగాన్ని పోప్ ఫ్రాన్సిస్ 2021లో పూర్తిగా మార్చారు, ఆ మార్పు అదే ఏడాది డిసెంబరు 8 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి ముద్రణ తక్కువ ధరకు దొరికితే కొనుక్కోండి, కానీ కొత్త 6వ భాగాన్ని అచ్చు తీసి అందులోనే పెట్టుకోండి. పాత పాఠాన్ని మాత్రం చింపవద్దు, ఏది ఎందుకు మారిందో పోల్చి చూడడానికి రెండూ ఒకేచోట ఉండాలి.